సర్టిఫికెట్‌లో ఉండని కారణం

(స్క్రీన్ మీద ఒక డెత్ సర్టిఫికెట్)

ఇది చూడండి. పేరుంది, తేదీ ఉంది, ఊరుంది. ఎందుకు పోయారన్నది మాత్రం ఎక్కడా లేదు. మర్చిపోయి కాదు, 1969 నాటి జనన మరణాల నమోదు చట్టమే కారణం వేయొద్దంది. మరి ఆ కారణం ఎటు పోతుంది?

మనిషి పోయాక 21 రోజుల్లోపు చెప్పాలి. ఆస్పత్రిలో పోతే ఆస్పత్రివాళ్లు, ఇంట్లో పోతే ఇంటివాళ్లు. మన పల్లెల్లో అయితే పంచాయతీ సెక్రటరీకి. ఆ ఫారంలో రెండు భాగాలుంటాయి: ఒకటి రిజిస్టర్ కోసం, వృత్తి, కారణం లాంటివున్న రెండోది లెక్కల కోసం రాష్ట్రానికి, అక్కణ్నుంచి ఢిల్లీలో దేశం మొత్తం చావుపుట్టుకల లెక్కలు చూసే రిజిస్ట్రార్ జనరల్ దగ్గరికి.

డాక్టర్ నింపే ఫారం వేరే ఉంది, అసలు కథంతా అందులోనే.

(ఫారం క్లోజప్)

పై లైన్లో చివరికి ప్రాణం తీసింది రాయాలి, దాని కింద దానికి దారితీసింది, అన్నిటికన్నా కింద అసలు మొదలు. షుగర్ వల్ల కిడ్నీలు పాడై పోయారనుకోండి, లెక్కలోకి వెళ్లేది అట్టడుగున రాసిన షుగర్. కొందరు "గుండె ఆగింది" అని రాసి వదిలేస్తారు. పోయినవాళ్లెవరికైనా గుండె ఆగుతుంది కదండీ!

ఇక నమోదే కాని చావులు. పేరు మీద సెంటు భూమి లేని ముసలావిడ పోయినా, పసిబిడ్డ పోయినా సర్టిఫికెట్‌తో ఎవరికీ పని పడదు, ఎవరూ వెళ్లరు. అందుకే శాంపిల్ రిజిస్ట్రేషన్ అని ఇంకో పద్ధతి. ఎంచుకున్న ఊళ్లలో ఓ టీచరో అంగన్‌వాడీ వర్కరో ఏడాది పొడుగునా చావుపుట్టుకలు రాస్తుంటారు, ఆరు నెలలకోసారి సూపర్‌వైజర్ వచ్చి ఆ పుస్తకం చూడకుండా ఇల్లిల్లూ తిరిగి అడుగుతారు, తర్వాత రెండూ పక్కపక్కన పెట్టి తేడా వచ్చిన ఇంటికి మళ్లీ వెళ్తారు. నాకైతే ఇది భలే నచ్చింది.

నచ్చనిది ఆలస్యం. 2021 నమోదు లెక్కలు 2025 మేలో గానీ బయటికి రాలేదు. 2020లో 81 లక్షలున్న మరణాలు 2021లో కోటీ 2 లక్షలు! ఆ ఏడాది ప్రభుత్వం కోవిడ్ చావులని చెప్పినవి దాదాపు 3.3 లక్షలు. పెరిగిందంతా కోవిడే అనలేం, జనాభా పెరిగింది, నమోదూ పెరిగి ఉండొచ్చు. ఎంత కోవిడో తేల్చాల్సింది డాక్టర్ నింపే ఆ ఫారమే. అది 2021లో నూటికి 23 మరణాలకే ఉంది.