కుర్చీలోంచి మొదలుపెడదాం

అందరికీ నమస్కారం. లోపలికి వస్తూ చూశాను, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ పెట్టి, గోడ పట్టుకుని ఎక్కినవాళ్లు మీలో చాలామందే ఉన్నారు. ఇవాళ నా మాటలు ముఖ్యంగా వాళ్లకోసమే.

22 ఏళ్లుగా ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. మోకాళ్ల నొప్పులతో నా దగ్గరికి వచ్చే ఆడవాళ్లు ఎక్కువగా అనేది ఒకటే మాట: "ముందు నొప్పి తగ్గనీయమ్మా, తర్వాత నడిచి బరువు తగ్గుతాను." మా అమ్మ కూడా ఇదే అంది. ఆవిడకు 58వ ఏట మోకాళ్లు పట్టేశాయి. ఎక్స్‌రే చూసిన డాక్టరుగారు "గుజ్జు అరిగిపోయింది, నడక తగ్గించండి, మెట్లు మానేయండి" అన్నారు. అమ్మ ఆ మాట తు.చ. తప్పకుండా పాటించింది. డాబా మీద బట్టలు ఆరేయడం మానేసింది. కూరగాయలు ఇంటికే తెప్పించుకుంది. రెండేళ్లు తిరిగేసరికి 9 కిలోలు పెరిగింది. నొప్పి తగ్గకపోగా, సోఫాలోంచి లేవాలంటే నాన్న చెయ్యి అందించాల్సి వచ్చేది. అదంతా కళ్ల ముందే జరిగింది, అప్పటికి నేనింకా చదువుకుంటున్నాను. ఇప్పటికీ తలుచుకుంటే బాధేస్తుంది.

మనం గుజ్జు అనేది నిజానికి ఎముకల చివర ఉండే నున్నటి పొర. దానికి రక్తనాళాలు లేవు. కీలులో ఉండే జిగురు ద్రవమే దానికి తిండి. కాలు మీద బరువు పడినప్పుడు స్పాంజిలా నొక్కుకుంటుంది, బరువు తీయగానే ద్రవాన్ని పీల్చుకుంటుంది. కాలు కదలకపోతే ఆ తిండి దానికి సరిగ్గా అందదు. పైగా అడుగు వేసినప్పుడు పడే అదురును కాచుకునేది తొడ ముందు కండరం. కూర్చునే కొద్దీ అది నీరసించిపోతుంది, అదురంతా కీలు మీద పడుతుంది. నొప్పి పెరుగుతుంది, మనం ఇంకా కూర్చుండిపోతాం. అమ్మకు జరిగింది ఇదే.

ఇక బరువు సంగతి. అమెరికాలోని వేక్ ఫారెస్ట్ యూనివర్సిటీ వాళ్లు 2005లో లెక్కగట్టారు: ఒంట్లో ఒక కిలో తగ్గితే, వేసే ప్రతి అడుగుకూ మోకాలి మీద 4 కిలోల భారం తగ్గుతుంది. అంటే 5 కిలోలు తగ్గితే అడుగుకు 20 కిలోలు! అక్కడివాళ్లే 2013లో మరో అధ్యయనం ప్రచురించారు. మోకాళ్లు అరిగిన 454 మందిని ఏడాదిన్నర పాటు గమనించారు. వ్యాయామం మాత్రమే చేసినవాళ్లు సగటున 2 కిలోలు కూడా తగ్గలేదు. తిండి తగ్గించి వ్యాయామమూ చేసినవాళ్లు 10 కిలోల పైన తగ్గారు, వాళ్ల నొప్పి దాదాపు సగమైంది. కాబట్టి నడిస్తే చాలు, బరువు దానంతటదే తగ్గుతుందని నేను మీకు ఆశపెట్టను. బరువు తగ్గేది ముఖ్యంగా పళ్లెంలోనే. పప్పు, కూర, గుడ్డో పెరుగో ముందు పెట్టుకుని, అన్నం రెండోసారి వడ్డించుకోకండి. సాయంత్రం బజ్జీలు, రోజుకు నాలుగు టీల్లో పడే చక్కెర మీకు తెలిసినవే. పస్తులు మాత్రం ఉండొద్దు, కొవ్వుతోపాటు కండ కూడా పోతుంది. మనకు కావాల్సింది ఆ కండే.

అమ్మ చేత నేను వ్యాయామం మొదలుపెట్టించింది ఒక పాత తువ్వాలుతో. మంచం మీద కాళ్లు చాపుకుని కూర్చోబెట్టి, తువ్వాలు చుట్ట చుట్టి మోకాలి కింద పెట్టాను. "దాన్ని మోకాలితో కిందికి నొక్కమ్మా" అన్నాను. మొదటిరోజు తొడ మీద చెయ్యి వేసి చూస్తే, కండరం బిగుస్తున్నట్టే తెలియలేదు. నాలుగుసార్లు నొక్కి అలసిపోయింది. పది రోజులకు నా వేలి కింద బిగువు తగిలింది. తర్వాత కుర్చీలోంచి లేవడం. కుర్చీ మీద రెండు దిండ్లు వేసి ఎత్తు పెంచాం. లేవడం సులువైన కొద్దీ ఒక్కో దిండూ తీసేశాం. ఆ తర్వాతే వీధిలో నడక, అదీ మొదట పది నిమిషాలే.

"చేస్తుంటే నొప్పెడుతోంది, మానేయనా?" అని అందరూ అడుగుతారు. నొప్పికి పదికి ఎన్ని మార్కులో మీరే వేసుకోండి. ఐదు దాటకుండా ఉండి, మర్నాడు పొద్దున్నకల్లా మామూలుకు వచ్చేస్తే భయం లేదు. మర్నాటికీ ఎక్కువగానే ఉంటే, ఎన్నిసార్లు చేస్తున్నారో అది సగానికి తగ్గించండి, పూర్తిగా మానొద్దు. మోకాలు ఎర్రగా, వేడిగా వాచినా, జ్వరం వచ్చినా, కీలు బిగుసుకుని కదలకపోయినా, పొద్దున లేచాక గంటసేపు కీళ్లు పట్టేసి ఉంటున్నా మాత్రం ముందు డాక్టరుకు చూపించుకోవాలి. మెడికల్ షాపులో అడిగి నొప్పి బిళ్లలు నెలల తరబడి మింగకండమ్మా, కిడ్నీలు దెబ్బతింటాయి. చేతికర్ర పట్టుకోవడం నామోషీ అనుకోకండి. నొప్పి ఉన్న కాలికి అవతలి వైపు చేతితో పట్టుకోవాలి. చాలామంది తిరగేసి పట్టుకుంటారు.

తిరుమల మెట్లెక్కే మొక్కు ఉందని ఇందాక ఒకావిడ అన్నారు. అలిపిరి దారిలో 3,550 మెట్లు. ముందు ఇంట్లో, గోడ పట్టుకుని ఒకే ఒక్క మెట్టు ఎక్కి దిగడం అలవాటు చేయండి. రోజుకు పదిసార్లు, వారానికి రెండేసి పెంచుతూ. దిగేటప్పుడే మోకాలికి కష్టం ఎక్కువ, కాబట్టి కొండ దిగేది బస్సులోనే.

అమ్మకు ఇప్పుడు 82. బట్టలు ఆరేయడానికి తనే డాబా ఎక్కుతుంది. గోడ పట్టుకునే ఎక్కుతుంది, నొప్పీ పూర్తిగా పోలేదు. నాన్న చెయ్యి అడగాల్సిన అవసరం మాత్రం మళ్లీ రాలేదు.

సరే, మాటలు చాలు. అందరూ కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చోండి. కుడికాలు ముందుకు తిన్నగా చాపండి. పాదం వేళ్లు మీ వైపుకు లాగండి. తొడ మీద చెయ్యి వేయండి, బిగుస్తోందా? ఊపిరి బిగబట్టకండి. ఐదు అంకెలు లెక్కపెడదాం. ఒకటి... రెండు... మూడు... నాలుగు... ఐదు. మెల్లగా దించండి. వెనక వరసలో పెద్దమ్మా, మీకు ఎంతవరకు లేస్తే అంతే చాలు. ఇప్పుడు ఎడమకాలు.