చిలీ గని రెస్క్యూ రివ్యూ: ప్లాన్ బీ ఎందుకు గెలిచింది?

నమస్కారం. 2010లో చిలీలోని శాన్ హోసే గనిలో చిక్కుకున్న 33 మందిని 69 రోజుల తర్వాత పైకి తీశారు. అందరికీ గుర్తున్నది వాళ్లని ఒక్కొక్కరిగా పైకి లాగిన ఆ కాప్స్యూల్, అంటే మనిషి నిలబడేంత గొట్టం. అసలు పని చేసింది మాత్రం బోరు. ఈ వీడియోలో రివ్యూ దానికే, కాప్స్యూల్ సంగతి తర్వాత చూద్దాం.

ఆగస్టు 5న గని కూలింది. మనుషులున్నది దాదాపు 700 మీటర్ల లోతులో. ముందు వాళ్లు ఎక్కడున్నారో కనిపెట్టాలి. గని మ్యాపులు పాతవి, సరిగ్గా లేవు. పైగా అంత లోతుకు వెళ్లేసరికి బోరు వంకర పోతుంది. పైన ఒక్క డిగ్రీ తేడా వస్తే 700 మీటర్ల కింద 12 మీటర్లు పక్కకి పోయినట్టే. వెతకాల్సిన సొరంగం వెడల్పు అంతకంటే తక్కువ. అందుకే చాలా బోర్లు గురి తప్పాయి. ఆగస్టు 22న ఒకటి 688 మీటర్ల దగ్గర లోపలికి తగిలింది. బిట్టు, అంటే బోరు తవ్వే కొన, పైకి తీస్తే దానికి కట్టిన చీటీ వచ్చింది: 33 మందీ క్షేమం.

అప్పటికి 17 రోజులు. రెండు రోజులకోసారి రెండు చెంచాల చేప ముక్కలతో గడిపారు. అలాంటివాళ్లకి ఒక్కసారిగా కడుపునిండా తిండి పెడితే రక్తంలో ఫాస్ఫేటు, పొటాషియం పడిపోయి గుండె ఆగే ప్రమాదం ఉంది. డాక్టర్లు ముందు గ్లూకోజు నీళ్లు పంపి, మెల్లగా ఘనాహారానికి వచ్చారు. దీనికి ఫుల్ మార్కులు.

ఇక మనిషి పట్టే బోరు. ఒక్క పద్ధతిని నమ్ముకోకుండా మూడు రిగ్గులు, అంటే బోరు వేసే యంత్రాలు, పెట్టారు. నా లెక్కలో మొత్తం రెస్క్యూలో బెస్ట్ నిర్ణయం ఇదే.

ప్లాన్ ఏ, స్ట్రాటా 950 రెయిజ్ బోరర్. ముందు నిట్టనిలువుగా సన్నబోరు వేసి, తర్వాత దాన్ని వెడల్పు చేయాలి. నమ్మకమైన మెషీనే, కానీ నిదానం. ప్లాన్ సీ, ఆయిల్ బావులు తవ్వే భారీ రిగ్గు. నేరుగా పెద్ద బోరే వేస్తుంది. చూడ్డానికి ఘనంగా ఉంటుంది, కానీ దాన్ని తెచ్చి నిలబెట్టేసరికే సెప్టెంబరు సగం దాటింది.

ప్లాన్ బీ, ష్రామ్ టీ130. ట్రక్కు మీద వచ్చే రిగ్గు. మన ఊళ్లలో బోర్లు వేసేటప్పుడు వాడే గాలి హ్యామర్ పద్ధతే. తేడా ఏంటంటే, ఇక్కడ ఒకటే పెద్ద హ్యామర్ కాదు, చిన్న హ్యామర్లు గుత్తిగా ఒకే బిట్టులో ఉంటాయి. గట్టిరాతిని అరగదీయడం కంటే కొట్టి పగలగొట్టడం త్వరగా అవుతుంది. ఇంకో లాభం, కొత్తగా దారి వెతుక్కోనక్కర్లేదు. అప్పటికే వేసిన 14 సెంటీమీటర్ల బోరునే పట్టుకుని, ముందు 30కి, ఆ తర్వాత 70కి దగ్గరగా వెడల్పు చేశారు. బిట్టు మధ్యలో ఉన్న ముక్కు ఆ పాత బోరులోనే నడుస్తుంది కాబట్టి గురి తప్పదు.

రాతిపొడి ఎటు పోయింది? పాత బోరులోంచి కిందికే, గనిలోకి. లెక్క కడితే 240 ఘనమీటర్లు, 600 టన్నుల పైమాటే. లోపల చిక్కుకున్నవాళ్లే షిఫ్టులు వేసుకుని దాన్ని ఎత్తిపోశారు. వాళ్లు ఆపితే పైన రిగ్గూ ఆగాల్సిందే.

ఇబ్బంది 268 మీటర్ల దగ్గర వచ్చింది. పాత సొరంగం కప్పుకి కొట్టిన ఇనుప రాడ్డు తగిలి హ్యామర్ విరిగింది. రాతి కోసం చేసిన బిట్టు ఇనుమును కొట్టలేదు. బోరులో ఇనుప ముక్కలుంటే మళ్లీ దింపిన బిట్టూ పోతుంది. అందుకని దవడలున్న పనిముట్టు దించి ముక్కల్ని పట్టి లాగేదాకా రోజుల తరబడి పని ఆగింది. మిగతా రెండు రిగ్గులు ఎందుకు పెట్టారో ఇక్కడ తెలుస్తుంది. అక్టోబరు 9న, 624 మీటర్ల దగ్గర, కార్మికులు చేరుకోగలిగే గని వర్క్‌షాపులోకి బోరు దిగింది. ఆ రోజుకి ప్లాన్ ఏ ఇంకా వంద మీటర్ల దూరంలో ఉంది. ప్లాన్ సీ 372 దగ్గరే.

కేసింగ్ విషయంలో వాదన జరిగింది. పొడవునా పైపు దించితే రాళ్లు రాలవు. కానీ ఈ బోరు ఏటవాలుగా ఉంది, వంపు దగ్గర పైపు ఇరుక్కుంటే మొత్తం బోరే పోతుంది. రాయి వదులుగా ఉన్న పైభాగంలో 56 మీటర్లకే వేసి, మిగతాది రాతికే వదిలేశారు. తెగువే, కానీ బోరు చూసి తీసుకున్న తెగువ.

కాప్స్యూల్ వెడల్పు 54 సెంటీమీటర్లు. నాసా సలహాలతో చిలీ నౌకాదళం తయారుచేసింది. గోడలకి ఆనుకుని దొర్లే స్ప్రింగు చక్రాలు, ఆక్సిజన్, మాట్లాడే లైను, మధ్యలో ఇరుక్కుంటే కిందికి దిగడానికి అడుగున తలుపు. నిలబడి పైకి వస్తుంటే రక్తం కాళ్లలోకి దిగి స్పృహ తప్పొచ్చు, అందుకని బిగుతు సాక్సులు. ఒక్కొక్కరికి పావుగంట చొప్పున, ఒక్క రోజులోపే అందరూ బయటికి. మన దగ్గర రాణిగంజ్ మహాబీర్ గనిలో 1989లోనే 65 మందిని ఇలా బోరు వేసి, కాప్స్యూల్‌తో తీశారు. ఐడియా కొత్తది కాదు, లోతు కొత్తది.

మార్కులు కోసేది ఎక్కడంటే గని యాజమాన్యం దగ్గర. కూలిన వెంటనే గాలి షాఫ్టు, అంటే గాలి కోసం తవ్విన నిలువు దారి, ఇంకా తెరిచే ఉంది. కార్మికులు ఎక్కబోతే నిచ్చెన పైదాకా లేదు. రెండు రోజులకి మళ్లీ కూలి ఆ దారీ మూసుకుపోయింది.