గేటు కాదు, పొయ్యి లెక్క

హోస్ట్: అనంతపురం అంచున రుద్రంపేట మాదిరి కాలనీల్లో ఇంటింటి సర్వేకు పోయేవాళ్ల కోసం ఈ ఎపిసోడ్. అక్కా, ఒక ఇంట్లో ఎన్ని కుటుంబాలో లెక్కపెట్టేటప్పుడు మొదటి తప్పు ఎక్కడ పడుతుంది?

అతిథి: గేటు దగ్గరే తమ్ముడూ. కింద అమ్మానాయన, మిద్దె పైన పెద్దకొడుకు, వెనక రూములో బాడుగవాళ్లు. గేటు ఒకటే, పొయ్యిలు మూడు. జనాభా లెక్కల కొలత కూడా వంటిల్లే: మామూలుగా కలిసి ఉంటూ ఒకే వంటింట్లో తినేవాళ్లు ఒక కుటుంబం. "ఉమ్మడా, వేరా?" అని మాత్రం అడగొద్దు. పెద్దవాళ్లకు ఆ మాట గుచ్చుకుంటుంది, వేరుపడినా కలిసే ఉన్నామంటారు. "పొద్దున ఎంతమందికి వండినారు? ఎవరెవరు తిన్నారు?" అని అడుగు.

హోస్ట్: కింద సంగటి కెలికి పైకి పంపిస్తారు, కూర పైన చేసుకుంటారు. అప్పుడు?

అతిథి: సంగటి, అన్నం ఎక్కడ ఉడుకుతాయో అదే లెక్క. రోజూ కింది నుంచే పోతుంటే ఒకటే కుటుంబం అని రాయి. పండగకో, కోడలికి ఒంట్లో బాగలేకనో పంపితే రెండు. కరెంటు మీటర్లు చూసి తేల్చొద్దు. రేషన్ కార్డూ అంతే, అత్తగారింటికి పోయిన కూతురి పేరు ఇంకా ఉంటుంది, కొత్తకోడలి పేరు ఎక్కి ఉండదు.

హోస్ట్: పొయ్యి తేలింది. ఆ కుటుంబం ఏ రకమో ఎట్ల రాయాలి?

అతిథి: ఆ పొయ్యి మీద తినే జంటల్ని లెక్కపెట్టు. చుట్టరికం ఉన్న జంటలు రెండో, అంతకు మించో ఉంటేనే ఉమ్మడి. మొగుడూపెళ్లాలు, పిల్లలు, వాళ్లతో భర్తపోయిన అత్త ఉందనుకో, చాలామంది ఉమ్మడి అని గీకేస్తారు. కాదు. అక్కడ జంట ఒక్కటే. పాలిన్ కోలెండా అనే అమెరికా మానవశాస్త్రవేత్త 1968లో మన దేశపు కుటుంబాలను 12 రకాలు చేసినప్పుడు దీన్ని వేరే రకంగానే పెట్టింది. అత్తను చూసుకునే ఇల్లు, ఇద్దరు అన్నదమ్ముల సంసారం ఒక గడిలో పడితే ముసలివాళ్ల అవసరాలు కనపడకుండా పోతాయి. నాకు అన్నిటికంటే బాధ అదే.

హోస్ట్: రూము తీసుకుని వండుకునే కాలేజీ పిల్లలు?

అతిథి: చుట్టరికం లేకపోయినా ఒక పొయ్యే, ఒక ఫారం. హాస్టలైతే సంస్థ కింద రాయాలి.

హోస్ట్: బెంగళూరులో పనిచేసి శనివారం రాత్రి బస్సుకు వచ్చే భర్త?

అతిథి: మన దగ్గర ఎక్కువ తారుమారయ్యేది అదే. ఆదివారం పోతే తలుపు ఆయనే తీస్తాడు, నిండు సంసారం అని రాస్తాం. మంగళవారం పోతే ఆమె ఒంటరి అని రాస్తాం. రెండూ తప్పే. వారంలో ఎన్ని రాత్రులు ఇక్కడ పడుకుంటాడు, ఇంటి ఖర్చుకు డబ్బు ఇస్తాడా, రెండు గడులు వేరేగా పెట్టుకో. ఇంకొకటి, పల్లెలో అమ్మానాయన సేద్యం చేస్తుంటే, బడి కోసం మనవళ్లతో ఇక్కడ ఉండే అవ్వ. ఆ ఇంటికి జంటల గడిలో 0 వేయి, ఖాళీగా వదలొద్దు. ఖాళీ చూస్తే కంప్యూటర్లో ఎక్కించేవాళ్లు నువ్వు మరిచినావనుకుని 1 కొట్టేస్తారు.