ఖాతా పుస్తకంలో పెన్సిల్ సున్నాలు

(కావలిలో డిగ్రీ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, ముందు వరసలో కూర్చున్న నా పాత స్టాటిస్టిక్స్ విద్యార్థులకు, పిల్లలందరికీ నమస్కారం. పరిచయాలకే చాలా సమయం పోయింది, నేరుగా విషయంలోకి వస్తాను.

మనం కొనేవాటిని బట్టి మనలోని గుంపుల్ని ఎలా కనిపెడతారన్నదే ఇవాళ్టి పాఠం. ముగ్గు వేయడం వచ్చినవాళ్లకి ఇది సగం వచ్చినట్టే. ఆన్‌లైన్‌లో కొనే ఒక్కో మనిషీ ఒక చుక్క. ఇద్దరు ఒకే వస్తువు కోసం వస్తే ఆ చుక్కల మధ్య ఒక గీత. 2005లో రైషార్ట్, బోర్న్‌హోల్ట్ అనే ఇద్దరు జర్మన్ భౌతిక శాస్త్రవేత్తలు ఈబే అనే ఆన్‌లైన్ అమ్మకాల సైట్‌లో జరిగే వేలంపాటల మీద ఇదే చేశారు. ఏ వస్తువు ఏ రకమో కంప్యూటర్‌కి చెప్పలేదు. ఎవరెవరు ఒకే వస్తువుకి పాడారో అంతే ఇచ్చారు. గీతలు అడ్డదిడ్డంగా పడితే వచ్చేదానికంటే ఎక్కడ ఎక్కువ చిక్కగా ఉన్నాయో చూస్తే గుంపులు బయటపడ్డాయి. 6 నుంచి 9 నెలల తర్వాత వాళ్లేం కొన్నారో మళ్లీ చూశారు. అవే ఇష్టాలు!

గుంపులు ఒకదానిలో ఒకటి ఎలా కలుస్తాయో కూడా చెప్దామనుకున్నాను. కానీ ముందు మా నాయన సంగతి చెప్పాలి.

ట్రంకు రోడ్డు పక్క సందులో మాది చిల్లర కొట్టు. ఎర్ర అట్ట ఖాతా పుస్తకం, వీధికి కొన్ని పేజీలు. ఒకే ఇంటి పేరు కింద ఒకే వారంలో శొంఠి, పిప్పళ్లు, వాము, పాత బెల్లం పడితే, నాయన పేరు పక్కన పెన్సిల్‌తో చిన్న సున్నా చుట్టేవాడు. బాలింత ఉన్న ఇల్లని గుర్తు. మసీదు వీధిలో ఒక సున్నా, తుమ్మలపెంట నుంచి చేపలు తెచ్చే ఆమె పేరు పక్కన ఒకటి. ఆ ఇళ్లవాళ్లు ఒకరినొకరు ఎరగరు. ఒకసారి చేపలామె కోడలికి పాలు పడలేదని బాధపడింది. మసీదు వీధిలో ఇంకో బాలింత ఉందని నాయన వెంటనే చెప్పలేదు. సాయంత్రం మసీదు వీధి అమ్మాయి తల్లి వస్తే, "నీ పేరు చెప్పనా తల్లీ?" అని అడిగాడు. ఆమె సరేనన్నాకే చెప్పాడు. ఆ పసిబిడ్డ నాలుగు రోజులు రెండో తల్లి పాలు తాగింది.

ఇప్పుడు వినండి. మా అమ్మాయి పురుడు పోసుకున్నప్పుడు ఫోన్‌లో శొంఠి పొడి కొంది. ఆ రోజు నుంచీ పాలడబ్బాల ప్రకటనలే. ఈ ఊళ్లోనే తనలాంటి బాలింతలు ఎందరున్నారో ఆ కంపెనీకి తెలుసు. తనకి తెలియదు. నా బాధంతా అదే. మనం ఒక గుంపని మనకి తప్ప అందరికీ తెలుసు! గుంపుని కనిపెట్టే లెక్క తప్పు కాదు. అడక్కుండా కనిపెట్టి, కనిపెట్టింది మన నుంచే దాచడం తప్పు.

పిల్లలూ, మీ ప్రాజెక్టుకి మీ వీధి కొట్టు బిల్లులు తీసుకోండి. ముందు ఆ ఇళ్లవాళ్లని అడగండి. వచ్చిన బొమ్మ తీసుకెళ్లి వాళ్లకే చూపించండి.

నాయన పుస్తకం తెచ్చాను, బల్ల మీద ఉంది. వచ్చి చూడండి. సున్నాలు కనిపిస్తాయి. పేర్ల మీద మాత్రం కాగితం అంటించాను, ఆ ఇళ్లవాళ్లని నేనింకా అడగలేదు.