విదేశీ సాయం అడిగితే అభిశంసించొచ్చా? ట్రంప్–ఉక్రెయిన్ కేసు

[తెర: వైట్‌హౌస్ విడుదల చేసిన కాల్ నోట్స్]

2019 జులై 25. ట్రంప్ ఉక్రెయిన్ అధ్యక్షుడు జెలెన్‌స్కీతో ఫోన్‌లో మాట్లాడుతూ, బైడెన్ కొడుకు సంగతి కాస్త విచారించమన్నారు. బైడెన్ అప్పటికే 2020 ఎన్నికల బరిలో ఉన్నారు.

సాయం అడగడమే తప్పా? కాదు. నేర విచారణల్లో సహకరించుకోవడానికి ఆ రెండు దేశాల మధ్య ఒప్పందమే ఉంది. కాకపోతే అది న్యాయశాఖ మీదుగా నడవాలి. ఇక్కడ దీన్ని భుజాన వేసుకుని తిరిగింది ట్రంప్ సొంత లాయర్ జులియానీ. దేశం పనికి సొంత లాయరెందుకు?

[తెర: 39 కోట్ల 10 లక్షల డాలర్లు]

ఉక్రెయిన్‌కు కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) మంజూరు చేసిన ఈ సైనిక సాయాన్ని వైట్‌హౌస్ ఆ కాల్‌కు ముందే ఆపేసింది. ఈ వ్యవహారంపై ప్రభుత్వం లోపలి వ్యక్తి ఒకరు (విజిల్‌బ్లోయర్) చేసిన ఫిర్యాదు ఉందని సెప్టెంబర్ 9న కాంగ్రెస్‌కు తెలిసింది. 11న డబ్బు కదిలింది! అక్కడి అవినీతి చూసి ఆపాం, చివరికి ఇచ్చేశాం కదా అన్నది ట్రంప్ వర్గం వాదన. అలా ఆపడం 1974 నాటి చట్టానికి విరుద్ధమని కాంగ్రెస్ ఆడిట్ సంస్థ జీఏఓ తర్వాత తేల్చింది.

ఇక రాజ్యాంగం. దేశద్రోహం, లంచం, 'ఇతర ఘోర నేరాలు, దుష్ప్రవర్తన' ఉంటే అభిశంసించొచ్చు. 1787లో రాజ్యాంగం రాస్తున్నప్పుడు ప్రతినిధుల్లో ఒకరైన జార్జ్ మేసన్ 'దుష్పరిపాలన' అనే మాట చేర్చమన్నారు. అంత వదులు మాట పెడితే అధ్యక్షుడు ఎగువ సభ సెనేట్ దయ మీద బతకాలని మరో ప్రతినిధి మాడిసన్ అడ్డుపడ్డారు. అప్పుడు బ్రిటిష్ పార్లమెంటు నుంచి తెచ్చుకున్నదే ఈ 'ఘోర నేరాలు' పదబంధం. అక్కడ దాని కింద అధికార దుర్వినియోగాన్నీ విచారించేవారు. కాబట్టి ఫలానా సెక్షన్ కింద నేరం రుజువు కావాలన్న వాదన నిలవదు. ప్రభుత్వ అధికారాన్ని సొంత ఎన్నికల లాభానికి బేరం పెట్టారా? చూడాల్సింది అదే. పెట్టారనే మా అంచనా.

[తెర: ఓట్ల పట్టిక]

అభిశంసించడానికి దిగువ సభ అయిన ప్రతినిధుల సభలో సాధారణ మెజారిటీ చాలు. డిసెంబర్ 18న అధికార దుర్వినియోగం అభియోగం 230–197తో గట్టెక్కింది. పదవి ఊడాలంటే సెనేట్‌లో వందకు 67 ఓట్లు కావాలి. సాక్షులను పిలవాలన్న తీర్మానమే 49–51తో వీగింది. 2020 ఫిబ్రవరి 5న ఆ అభియోగానికి పడ్డవి 48. రిపబ్లికన్లలో మిట్ రామ్నీ ఒక్కరే దోషి అన్నారు.

తప్పు రుజువైంది, కానీ తొలగించేంతది కాదు, ఓటర్లే తేల్చుకుంటారు అన్నారు మరో రిపబ్లికన్ లామర్ అలెగ్జాండర్. చిక్కేంటంటే, ఆరోపణ ఆ ఓటర్ల తీర్పును వంచడం గురించే.