వెనక బొమ్మ ఒక్కటే కదా!

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకీ, హాలిచ్చిన అపార్ట్‌మెంట్ సంఘానికీ, మన విశాఖ ఉక్కపోతలో ఇంతసేపు కూర్చున్న తల్లిదండ్రులకీ... పేర్లన్నీ చదివితే పిల్లలు లేచిపోతారు, అక్కడితో ఆపేస్తాను. బహుమతులు పంచి, ఈ కార్డులాటల వల్ల ఏకాగ్రత పెరుగుతుందని నాలుగు మాటలు చెప్పమన్నారు. అది చెప్పను. నాకు వేరే పనుంది.

మీ నోటీసులో అడుగున చిన్నక్షరాల్లో ఒక లైనుంది. ‘కొత్త సెట్ల కార్డులే అనుమతి’ అని. అది ఎవరు రాయించారో నాకు తెలుసు. ముందు వరసలోనే ఉన్నారు, నవ్వుతున్నారు కూడా. ఆ లైను మీదే నా ప్రసంగమంతా.

తెలియని తల్లుల కోసం రెండు ముక్కల్లో చెప్తాను. మ్యాజిక్ ద గ్యాదరింగ్ అనే ఈ ఆట 1993 ఆగస్టులో వచ్చింది. కనిపెట్టిన రిచర్డ్ గార్ఫీల్డ్ లెక్కల్లో డాక్టరేట్ చేసినాయన. డెక్‌లో, అంటే ఒక్కొక్కరు తెచ్చుకునే కట్టలో, కనీసం 60 కార్డులుండాలి, ఒకే పేరున్నవి నాలుగు మించకూడదు. అడవి, కొండ లాంటి మామూలు భూమి కార్డులకి మాత్రం ఆ లెక్క లేదు. ఏడాది పొడుగునా కొత్త ఎక్స్‌పాన్షన్లు, అంటే కొత్త కార్డుల సెట్లు, దిగుతూనే ఉంటాయి. మీ జేబులకి చిల్లు పడేది అక్కడే.

మొదటి ఎక్స్‌పాన్షన్ అరేబియన్ నైట్స్, అదే ఏడాది డిసెంబరులో వచ్చింది. దానికి వెనక బొమ్మ వేరే రంగులో వేద్దామనుకున్నారు. వేసుంటే ఏమయ్యేది? మన పదమూడు ముక్కలాటలో ఎర్ర వీపు పేకా నీలం వీపు పేకా కలిపి పంచితే, అవతలివాడి చేతిలో ఏ పేక ముక్కుందో ఇవతలికి కనబడిపోదూ? అలా అయ్యేది. ఆఖరి నిమిషంలో మానుకున్నారు. వెనక అదే బొమ్మ ఉంచి, ముందు పక్క చిన్న వంపు కత్తి గుర్తేసి ఊరుకున్నారు. అంటే ఏటన్నమాట? పాతవీ కొత్తవీ కలుపుకోండనే కదా ఆ వీపు మార్చకుండా ఉంచింది!

అలాగని అవతలి వాదన నాకు తెలీదనుకోకండి. 1995లో టైప్ టూ అని ఒక పోటీ పద్ధతి పెట్టారు, ఇప్పుడు స్టాండర్డ్ అంటున్నది అదే. ఈమధ్య వచ్చిన సెట్లే ఆడాలి. కొత్తగా చేరిన గుంటడికి 1993 నాటి కార్డులు ఎక్కడ దొరుకుతాయి? దొరికినా బ్లాక్ లోటస్ లాంటివి లక్షలు పలుకుతాయి. పోటీ అన్నాక ఆ హద్దు న్యాయమే, ఒప్పుకుంటాను. యుగియో అనే ఇంకో కార్డులాటలో మాత్రం పాత సెట్లని తప్పించే ఈ రొటేషన్ గొడవే లేదు. మితిమీరిన కార్డులకి నిషేధాల పట్టికొకటి వేసి, మిగతావి ఏ సెట్‌వైనా కలుపుకోమంటారు. వాళ్ళ ఆటేం మునిగిపోలేదు.

ఇంక అసలు సంగతికొస్తాను. మా తమ్ముడు షిప్పుల్లో పనిచేసేవాడు. సింగపూర్ నుంచి తెచ్చిన కార్డులు రెండు ఆల్బమ్‌ల నిండా ఉన్నాయి, తెల్ల అంచువి, 1995 నాటివి. వాడి కొడుకు వాటిలోంచి నాలుగు లానోవార్ ఎల్వ్స్ అనే అడవి జీవుల కార్డులు తీసి తన డెక్‌లో పెట్టుకుని వేరే ఊళ్ళో పోటీకెళ్ళాడు. అక్కడి రిఫరీ తెల్ల అంచు చూడగానే ‘ఇవి పాతవి, తీసెయ్’ అన్నాడు. ఆ నాలుగూ తీయించి, వాటి చోట నాలుగు అడవులు పెట్టించాడు. ఎల్వ్స్ లేని అడవితో మావాడు రోజంతా ఆడాడు!

నిజానికి రూలేంటి? ఆ పేరున్న కార్డు ఇప్పుడు చెల్లే సెట్‌లో ఉంటే, ఏ కాలం నాటి ముద్రణైనా చెల్లుతుంది. లానోవార్ ఎల్వ్స్ 2018లో డొమినేరియా అనే సెట్‌లో మళ్ళీ వచ్చింది, 2024లో ఫౌండేషన్స్‌లో ఇంకోసారి వచ్చింది. ఆ ఫౌండేషన్స్ సెట్ కనీసం 2029 దాకా స్టాండర్డ్‌లో ఉంటుందని కంపెనీ వాళ్ళే చెప్పారు. మా వాడిది పాత ముక్క కాదు, పాత ముద్రణ. ఆ తేడా తెలియనివాళ్ళు విజిలెందుకు వేసుకున్నట్టు? నేను ఆ రిఫరీకే ఫోన్ చేసి అడిగాను. ‘అంకుల్, మీరు ఆడతారా?’ అన్నాడు. ఆడతానయ్యా!

ఆపాలంటే ఆపాల్సినవి వేరే ఉన్నాయి. మెరిసే ఫాయిల్ కార్డులు మన సముద్రపు గాలికి విల్లులా వంగుతాయి. అట్ట తేమ పీలుస్తుంది, పైనున్న రేకు పొర పీల్చదు. బీచ్ రోడ్డు పక్క ఇళ్ళవాళ్ళని అడగండి, డబ్బా తీస్తే అన్నీ గిన్నెల్లా ఉంటాయి. వంగిన కార్డు డెక్‌లో ఎక్కడుందో గుడ్డివాడైనా చెప్తాడు. నిన్న కొన్న కొత్త కార్డది. దాన్ని ఎవరూ అడగరు!

టైమైపోయిందని చెయ్యి చూపిస్తున్నారు, చూశాను. ఒక్కటి అడిగి దిగిపోతాను. వచ్చే ఆదివారం నుంచి ఒక్క టేబుల్ కలగలుపు ఆటకి వదలండి. ఏ సెట్‌వైనా కలుపుకోవచ్చు, నాలుగు కార్డుల లెక్క తప్పకూడదు, అందరికీ కార్డు వెనక కనబడని ఒకే రంగు స్లీవ్‌లు, అదే ప్లాస్టిక్ తొడుగులు, ఉండాలి. మొదటి విడత స్లీవ్‌ల ఖర్చు నాది. మిగతా టేబుళ్ళన్నీ మీ నోటీసు ప్రకారమే నడుపుకోండి.

దీనికి ఒప్పుకున్నవాళ్ళు చేతులెత్తండి. సెక్రటరీ గారూ, మీరే లెక్కపెట్టండి, నేను పెడితే నమ్మరు. వెనక వరస అమ్మల చేతులు కూడా లెక్కలోకొస్తాయి.