పెన్ను జూనియర్ చేతిలోనే ఉండాలి: పీర్ కోచింగ్ ఎలా చేయాలి?

నమస్తే. నేను నల్లగొండలో ఈఈఈ, అంటే ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్, ఫైనలియర్ చదువుతున్నాను. పోయినేడాది నుంచి ఫస్టియర్ వాళ్లకు బేసిక్ ఎలక్ట్రికల్‌లో పీర్ కోచింగ్ చేస్తున్నాను. పేరు చూసి భయపడకండి. ఒక సబ్జెక్టులో నిన్నమొన్న గట్టెక్కిన సీనియర్, ఇప్పుడు అందులో తంటాలు పడుతున్న జూనియర్ పక్కన కూర్చోవడమే ఇది. మహాత్మాగాంధీ యూనివర్సిటీ పరిధిలోనో, పాలమూరు యూనివర్సిటీ పరిధిలోనో బీఎస్సీ చదివేవాళ్లూ ఇలాగే చేసుకోవచ్చు.

ముందు నా తప్పు చెప్పేస్తాను. మొదటి వారం నలుగురిని కూర్చోబెట్టి, నేను బోర్డు ముందు నిలబడ్డాను. 40 నిమిషాలు ఆపకుండా దంచాను. అర్థమైందా అంటే నలుగురూ తలూపారు. "మస్తు చెప్పినవన్నా" అన్నాడు ఒకడు. ఆ రోజు గాల్లో తేలుతూ ఇంటికి పోయాను. మిడ్ పేపర్లు వచ్చాక చూస్తే, నేను చెప్పిన లెక్కే ముగ్గురికి తప్పు. క్లాసులో సార్ ఒకసారి చెప్పారు, నేను రెండోసారి చెప్పాను. వాళ్లు మాత్రం ఒక్కసారి కూడా చేయలేదు.

ఆ తర్వాత బోర్డు మానేసి బెంచీ మీదికి వచ్చాను. ఇప్పుడు ఎలా చేస్తున్నానో చూడండి.

(కాగితం కెమెరాకు చూపిస్తూ) 12 వోల్టుల బ్యాటరీ. దానికి సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటిగా, 4 ఓమ్, 2 ఓమ్ రెసిస్టర్లు. 4 ఓమ్ దాటాక కరెంట్ ఎంత? మా జూనియర్ ఒకడు చటుక్కున, "తగ్గుతది కదన్నా" అన్నాడు. తప్పని నాకు తెలుసు, నోటిదాకా వచ్చింది కూడా. ఆపుకుని, "ఎందుకు తగ్గుతది?" అని అడిగాను. వాడు కాసేపు పెన్ను తిప్పాడు. మనకు కష్టమయ్యేది ఇక్కడే. ఎదుటివాడు మౌనంగా ఉంటే మనకు టెన్షన్. మనసులో పదిదాకా లెక్కపెట్టుకోండి గానీ నోరు తెరవకండి.

వాడన్నాడు: "మా బత్తాయి తోటల డ్రిప్ పైపు ఉంటది. మోటరు దగ్గర నీళ్లు జోరుగ వస్తయి, చివరి చెట్టు కాడికి పోయేసరికి తగ్గుతయి. గట్లనే."

చూశారా? వాడు గుడ్డిగా చెప్పలేదు. వాడి దగ్గర ఒక కారణం ఉంది, తోటలో కళ్లారా చూసిన కారణం. నేను ముందే "తప్పు, కరెంట్ సమానం, రాసుకో" అనేసి ఉంటే ఈ డ్రిప్ పైపు బయటికి వచ్చేదే కాదు. వాడు రాసుకునేవాడు, పరీక్షలో మళ్లీ డ్రిప్ పైపే గుర్తొచ్చేది.

"డ్రిప్‌ల నీళ్లు తగ్గినయి సరే, ఎటు పోయినయి?" అన్నాను. "చెట్లకు." "మరి ఈ వైరుకు మధ్యల చెట్లు ఎక్కడున్నయి?" కాగితం వంక చూసి, వాడే నవ్వాడు. "లేవన్నా. మరి ఎంత పోతే అంతే వస్తది." అప్పుడు పెన్ను పట్టుకుని వాడే వేశాడు: మొత్తం 6 ఓమ్, కరెంట్ 2 ఆంపియర్లు, అంతటా అదే. తగ్గేది వోల్టేజీ. 4 ఓమ్ దగ్గర 8 వోల్టులు, 2 ఓమ్ దగ్గర 4 వోల్టులు, కలిపితే మళ్లీ 12. మొత్తం పావుగంట పట్టింది. నేను చెప్పుంటే రెండు నిమిషాల పని. ఆ తేడాకు ఓర్చుకునేవాళ్లే కోచ్ పనికి రండి.

కోచ్‌గా ఎవరుండాలి? టాపరే అక్కర్లేదు. ఎం1, అంటే మొదటి మ్యాథ్స్ పేపరు, ఒకసారి తప్పి, సప్లీలో కొట్టినవాళ్లు నాకు ఎక్కువ ఇష్టం. ఎక్కడ కాలు జారుతుందో వాళ్లకు గుర్తుంటుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి. దీనికి "వీక్ స్టూడెంట్స్ క్లాస్" అని పేరు పెట్టారో, ఒక్కరూ రారు. అమెరికాలో మిస్సోరి యూనివర్సిటీ కాన్సస్ సిటీ క్యాంపస్‌లో 1973లో సప్లిమెంటల్ ఇన్‌స్ట్రక్షన్ అని మొదలుపెట్టారు. వాళ్లు బలహీనమైన విద్యార్థులను ఏరలేదు, ఎక్కువమంది తప్పే సబ్జెక్టులను ఏరారు. ఎవరైనా రావచ్చు అన్నారు. మనమూ "బేసిక్ ఎలక్ట్రికల్ కూర్చోడం, మంగళవారం" అనే అంటున్నాం. 90 శాతం మార్కులు వచ్చినవాళ్లూ వస్తున్నారు, ఎవరికీ నామోషీ లేదు.

టైం సంగతి మీకు చెప్పక్కర్లేదు. సగం మంది ఆర్టీసీ బస్సు పాసుల మీద నకిరేకల్ నుంచో, దేవరకొండ నుంచో వచ్చేవాళ్లే. బస్సు చూసుకునే టైం పెట్టండి. ఒక కోచ్‌కు నలుగురు మించొద్దు.

తెలుగు మీడియంలో ఇంటర్ చదివినవాళ్లుంటే ఒక చిన్న నోటుబుక్ పెట్టించండి, మధ్యలో గీత కొట్టి. ఒకవైపు మాత్రిక, ఇంకోవైపు మ్యాట్రిక్స్. ఒకవైపు నిరోధం, ఇంకోవైపు రెసిస్టెన్స్. ఒకమ్మాయి "అక్కా, నిర్ధారకమంటే డిటర్మినెంటేనా? అది నాకు వచ్చు కదా!" అని మా క్లాస్‌మేట్‌తో అన్నదట. నెల రోజులు రాదనుకుని కూర్చుంది పాపం. మాట్లాడుకోవడం తెలుగులో కానివ్వండి, చివరి జవాబు మాత్రం ఇంగ్లిష్‌లో వాళ్ల చేతే రాయించండి. పరీక్ష పేపరు అందులోనే కదా.

అసైన్‌మెంట్లు, ల్యాబ్ రికార్డులు రాసిపెట్టమంటారు. రాయకండి. ఫీజు గొడవలు, ఇంటి సమస్యలు, నిద్ర పట్టడం లేదన్న మాటలు వస్తే వినండి, కానీ మీరే తీర్చాలనుకోకండి. నమ్మకమున్న లెక్చరర్ దగ్గరికి తీసుకెళ్లండి. మనసు బాగాలేదనిపిస్తే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 ఇవ్వండి, తెలుగులోనే మాట్లాడతారు.

ఇక మీరు రేపే మొదలుపెట్టడానికి ఒక ప్రశ్న ఇస్తాను. ఇందాకటి కాగితమే. 2 ఓమ్ తీసేసి 8 ఓమ్ పెట్టాం. 4 ఓమ్‌కు ముందున్న వైరులో కరెంట్ మారుతుందా? మార్పు చేసింది దాని తర్వాత కదా! లెక్క వేయకముందే జూనియర్‌ను అడగండి, ఎందుకని కూడా అడగండి. జవాబు నేను చెప్పను.